మగరాయుడు

“పుట్టినప్పటి నుంచీ మాత్రలు వేస్తూనే ఉన్నాను డాక్టరుగారూ. అయినా చెట్లెక్కడం, కుస్తీలు పట్టడం, ఈ మగరాయుడి వేషాలు మానదేం?” అంటూ టైలరమ్మ ఏడేళ్ల కూతుర్ని ముందుకు తోసింది.

డాక్టరమ్మ నవ్వింది. “ఆ మాత్రలు పుట్టుకతో వచ్చిన హార్మోను లోపానికమ్మా, ఆటలకు కాదు. ఆ లోపం వల్ల మీ కడుపులో ఉన్నప్పుడే పాప ఒంట్లో మగ హార్మోను ఎక్కువగా ఊరింది. అది మెదడు మీద కూడా కొంత పనిచేస్తుంది. అందుకే ఇలాంటి పిల్లల్లో కొందరికి దూకుడు ఆటలంటే ఇష్టం. అందులో పాప తప్పేం లేదు.”

నాడి చూడబోతూ డాక్టరమ్మ పాప చెయ్యి తిప్పింది. అరచేతి నిండా ఎర్రగా తట్లు తేలి ఉన్నాయి.

“ఇవేంటి తల్లీ?”

“చెట్టెక్కి పడ్డాను,” అంది పాప గబుక్కున.

ఆ అబద్ధం ఎవరి కోసమో తల్లికి తెలుసు. సిగ్గుతో చచ్చినంత పనైంది.

“పడలేదు డాక్టరుగారూ,” అంది తలొంచుకుని. “గుడ్డలు కొలిచే స్కేలుతో నేనే కొట్టాను.”