గుమ్మం దిగని వెన్నెల

"వెన్నెలా, నా గుమ్మం దిగని వెన్నెలా..." అని కొత్త పాట పాడి వినిపించి, "మీ అమ్మాయి మీదే రాశానండి, అత్తయ్యగారూ" అన్నాడు మురహరి గర్వంగా.

చేపలు తోముతున్న అతని భార్య ఉమామహేశ్వరి చేతులు ఆగిపోయాయి.

పొద్దున్నే సముద్రం ఒడ్డునున్న అడవులదీవి నుంచి తెనాలి వచ్చిన పేరమ్మ మొహం మాడ్చుకుంది. "మా పిల్ల ఏం కీడు చేసిందండి అల్లుడుగారూ, అంత మాటన్నారు?"

"వెన్నెలంటే తప్పేంటండి?"

"వెన్నెల్లో వల చేపకి కనబడిపోద్దండి. ఒక్కటీ పడదు. పున్నమి నాలుగు రోజులూ మా ఇంట్లో గంజే. ఇది చిన్నప్పుడు నిండు చందమామని చూస్తే ఏడ్చేది."

పెళ్ళయిన ఈ పన్నెండేళ్ళలో మురహరి ఎన్ని పాటలు రాశాడో! అన్నిట్లోనూ వెన్నెలే. పుట్టింట్లో ఆమె రాత్రులు ఎలా గడిచేవో మాత్రం ఒక్కనాడూ అడగలేదు.

"నాకెప్పుడూ చెప్పలేదేం ఉమా?" అన్నాడు తలెత్తలేక.

ఆమె చేతులు కడుక్కుని, కొంగుతో నెమ్మదిగా తుడుచుకుంది.

"ఆ పాటలు నా మీదని ఇవాళే తెలిసిందండి" అంది. "ఇన్నాళ్ళూ ఆ వెన్నెల ఇంకెవరో అనుకున్నాను."