గోల్‌కీపర్ వేగం

"మళ్లీ చేద్దాం," అంది ప్రొఫెసర్, విసుగు దాచుకోకుండా. "ఎర్ర కార్డు చూపిస్తే కుడి గంట, నీలం కార్డు చూపిస్తే ఎడమ గంట. ఇందులో అంత ఆలోచించడానికి ఏముందయ్యా?"

"ఆలోచించట్లేదు మేడమ్. కనబడగానే కొడుతున్నా," అన్నాడు గోల్‌కీపర్. నలభై రెండేళ్ల మనిషి, పరీక్ష హాల్లో పిల్లాడిలా చెమటలు కక్కుతున్నాడు.

ఆమె కార్డు తిప్పుతూనే స్టాప్‌వాచ్ నొక్కింది. గంట మోగింది. మళ్లీ నొక్కి, అంకె చూసి తల పట్టుకుంది. పాయింట్ ఏడు సెకన్లు.

వయసుతో పాటు ఆటగాళ్ల బుర్ర ఎంత మందగిస్తుందన్నది ఆమె ఇరవై మూడేళ్ల పరిశోధన. పంతొమ్మిదేళ్ల కుర్రాడిగా ఇతను మొదటిసారి ఈ కుర్చీలో కూర్చున్నప్పుడు పాయింట్ నాలుగు. వచ్చే నెల ఆమె రిటైరవుతోంది. ఆమె రాస్తున్న పుస్తకం చివరి అధ్యాయం ఇతని అంకె కోసమే ఆగింది. ఇతని ఉద్యోగమూ దానికోసమే ఆగింది. జట్టులో ఇంకో ఏడాది ఉంచాలా, సాగనంపాలా అని కోచ్ ఆమెనే అడిగాడు.

"మేడమ్, ఆ కొత్త కంప్యూటర్ మీద ఒక్కసారి..." అని నసిగింది, పక్కనే అంకెలు రాసుకుంటున్న పరిశోధక విద్యార్థిని.

"ఎన్నిసార్లు చెప్పాలమ్మా నీకు? ఇన్నేళ్ల లెక్కలూ ఒకే పద్ధతిలో, ఒకే చేతి మీదుగా నడిచాయి. ఇప్పుడు మారిస్తే దేన్ని దేనితో పోల్చను?"

"తొందరగానే కొట్టాననిపించింది మేడమ్," అన్నాడు గోల్‌కీపర్ మెల్లగా. "పిల్లల చదువులు ఇంకా అవలేదు. ఒక్క ఏడాది చాలు."

ఆమెకు జాలేసింది. జాలేసినందుకు తన మీద తనకే చిరాకేసింది.

"అందరికీ అలాగే అనిపిస్తుందయ్యా. ఎవరి వయసు వాళ్లకి తెలియదు. అందుకేగా నాలాంటివాళ్లు ఉన్నది," అంటూ కోచ్‌కు ఫోన్ చేసింది. "ఇక లాభం లేదండీ. ఇంకొకర్ని చూసుకోండి."

అతను గ్లవ్స్ సంచిలో కుక్కుకుని, ఇద్దరికీ నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

"నువ్వు కూర్చో," అంది విద్యార్థినితో. పోల్చడానికి వయసులో ఉన్నవాళ్ల అంకె కావాలి. ఈ అమ్మాయి యూనివర్సిటీ బ్యాడ్మింటన్ ఛాంపియన్.

కార్డు తిరిగింది. గంట మోగింది. పాయింట్ ఏడు.

"ఇరవై నాలుగేళ్లకే ఇదేం రోగం నీకు? పొద్దస్తమానం ఆ ఫోన్ పట్టుకు కూర్చుంటే ఇలాగే ఉంటుంది. మళ్లీ."

ఈసారి ఆ అమ్మాయి గంట కొట్టి, స్టాప్‌వాచ్ పట్టుకున్న మేడమ్ చేతి వంక చూసింది.

ఇన్నేళ్లలో మందగించింది మేడమ్ బొటనవేలు.