బెంగళూరు ట్రైనింగ్

సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ లోవరాజు జ్వరంతో సికింద్రాబాద్‌లోని ఆస్పత్రిలో చేరి నాలుగు రోజులైంది. మలేరియా కాదు, టైఫాయిడ్ కాదు. చిగుళ్ల నుంచి రక్తం కారుతోంది.

"జెర యాద్ చేసుకోండి," అన్నాడు డాక్టరు. "కర్ణాటకల షిమోగా అడవికి గిట్ల పోయిన్రా? ఆడ పిడుదులు కుట్టి, జ్వరమొచ్చి మనుషులు చనిపోతున్నరు."

పక్కనే భార్య దేవిక ఉంది. ఆమెకు బెంగళూరులో ట్రైనింగ్ అని చెప్పి, ఆఫీసులో పనిచేసే అమ్మాయితో అతను రెండు రోజులు గడిపింది ఆ అడవిలోనే.

"లేదండీ, బెంగళూరే," అన్నాడు.

డాక్టరు తలుపు దాకా వెళ్లాడు. ఆ అమ్మాయినీ పిడుదు కుట్టి ఉంటే? హాస్టల్లో ఒక్కతే ఉంటుంది.

"డాక్టర్ గారూ! అడవికే వెళ్లాను. నాతో ఇంకొకరున్నారు. ఆమెకు వెంటనే చెప్పాలి." భార్య వైపు చూడలేకపోయాడు.

"చెప్పక్కర్లేదండీ," అంది దేవిక. "నిన్న మీ సెల్ మోగితే నేనే తీశాను. జ్వరంతో ఆ పిల్లకి మాటే రావట్లేదు. వెళ్లి తీసుకొచ్చి పై వార్డులో చేర్పించాను. అడవి సంగతి తనే చెప్పింది. అందుకే డాక్టరు గారు మిమ్మల్ని అడిగారు."

దేవిక లేచింది.

"మీ దగ్గర ఉండటానికి మీ అమ్మగారు వచ్చేస్తున్నారు. ఆ పిల్లకి ఇక్కడెవరూ లేరు."