నీడ వైపు ఒకటి

రత్తయ్య మళ్ళీ వెళ్ళి లైను చివర నిలబడ్డాడు. ఇది మూడోసారి.

జేబులో అప్పటికే రెండు టికెట్లున్నాయి. మ్యాచ్ మొదలై పది నిమిషాలయింది. గ్రౌండు లోపల జనం ఒకటే అరుపులు. అవేవీ ఆయన చెవికెక్కడం లేదు. ముందు నలుగురున్నారు. ఆ నలుగురూ కదిలితే చాలు.

కదిలారు.

"ఎన్నండీ?" అంది టికెట్ కిటికీలోంచి సంపూర్ణమ్మ.

"ఒకటండీ."

"ఎటువైపండీ?"

"నీడ వైపండీ."

టికెట్టు చింపి చేతిలో పెట్టింది. అంతే. ఆమె అడిగే ఆ రెండు మాటల కోసమే రత్తయ్య ప్రతి ఆదివారం పటమట నుంచి మోపెడ్ వేసుకుని ఊరి చివరి ఫుట్‌బాల్ గ్రౌండుకి వస్తాడు. కౌంటర్లో కూర్చున్న మనిషి లైన్లో ఎవరొచ్చినా పలకరించక తప్పదు. అది డ్యూటీ. రెండేళ్ళలో ఆయన ఒక్క మ్యాచ్ చూసిన పాపాన పోలేదు. కొన్న టికెట్లు గేటు దగ్గర ఎవరు కనిపిస్తే వాళ్ళ చేతిలో పెట్టి చక్కా పోతాడు.

గేటు దగ్గర కాపలా ఉండే చక్రి ఈ బాగోతం ఎప్పుడో కనిపెట్టాడు.

"బాబాయ్, బంతి గుండ్రంగా ఉంటుందో పలకగా ఉంటుందో నీకు తెలీదు. ఆ మేడం గొంతు కోసం వస్తావ్. అవునా?"

"నోర్ముయ్‌రా."

"తప్పేముందిలే. ఇంటి దగ్గర మాట్లాడే దిక్కు లేదా ఏంటి?"

"ఇంట్లో నాతో ఒక మనిషి మాట్లాడి ఆరేళ్ళయిందిరా," అన్నాడు రత్తయ్య. "గడియారం చప్పుడు తప్ప ఇంకోటి వినపడదు."

చక్రికి జాలేసింది. "మరింకేం బాబాయ్, ఆ మాటేదో చెప్పెయ్. ఎన్నాళ్ళని ఈ ఎండలో నిలబడతావ్?"

చెప్పాల్సిన మాట ఒకటున్నమాట నిజమే. పొద్దున్నే గడ్డం గీసుకుంటూ అద్దం ముందు నాలుగుసార్లు వల్లె వేసుకునే వస్తాడు. తీరా కిటికీ ముందుకొచ్చేసరికి 'ఒకటండీ' తప్ప ఇంకేం పెగలదు. పోనీలే, వచ్చే ఆదివారం చూద్దాం అనుకుంటాడు.

ఆ వచ్చే ఆదివారాలకే క్లబ్బువాళ్ళు ఎసరు పెట్టారు. కౌంటర్ పక్కన ఫ్లెక్సీ కట్టారు. 'వచ్చే నెల నుంచి టికెట్లు ఆన్‌లైన్‌లో మాత్రమే. ఇక్కడ అమ్మబడవు.'

రత్తయ్య అది చదివి తిన్నగా క్లబ్బు ఆఫీసులోకి వెళ్ళాడు. అక్కడ మేనేజర్ జయంత్ కుర్చీ చూపించాడు. ఈయన కూర్చోలేదు.

"ఇదేం అన్యాయమండీ? నాబోటి ముసలాళ్ళు ఏమైపోవాలి? మాకా పెద్ద పెద్ద ఫోన్లు ఎక్కడివండీ? ఉన్నా, నొక్కడం వచ్చి ఏడిస్తేగా..."

సరిగ్గా అప్పుడే జేబులో ఫోన్ మోగింది. ఎంతకీ ఆగలేదు. రత్తయ్య అరచెయ్యంత ఫోన్ బయటికి తీసి, వేలితో పక్కకి నెట్టి, 'తర్వాత చేస్తా' అని మెసేజ్ కొట్టి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

జయంత్ నవ్వాపుకున్నాడు. "బాగానే నొక్కుతున్నారు కదండీ."

"ఇది మా పక్కింటాయనదండీ."

"సరే. పోయిన వారం మనవాళ్ళు గెలిచారా, ఓడారా? అది చెప్పండి, కౌంటర్ సంగతి ఆలోచిద్దాం."

రత్తయ్య ఫ్యాను వంక చూశాడు. నేల వంక చూశాడు.

"ఆడారు కదండీ," అన్నాడు. "అదే పదివేలు."

కౌంటర్ దక్కలేదు.

ఆఖరి ఆదివారం రానే వచ్చింది. జనం ముందే ఫోన్లలో కొనేసుకున్నారు. లైన్లో ఆరుగురే ఉన్నారు. రత్తయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఆరోవాడుగా నిలబడ్డాడు. ఇవాళ మూడుసార్లు తిరిగి రావడానికి కూడా లేదు. ఆరుగురూ అయిపోతే కిటికీ మూసేస్తారు.

గేటు దగ్గర నుంచి చక్రి 'ఊఁ, కానివ్వు' అన్నట్టు తలూపాడు.

"ఎన్నండీ?"

రత్తయ్య గొంతు సవరించుకున్నాడు. 'ఒకటండీ' నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"తప్పయిందండీ," అన్నాడు. "తప్పంతా నాదేనండీ."

చక్రి నెత్తి కొట్టుకున్నాడు. ఇన్నాళ్ళూ దాచి దాచి, ఆడమనిషితో చెప్పే మాట ఇదా?

సంపూర్ణమ్మ చెయ్యి టికెట్ పుస్తకం మీద ఆగింది. తలెత్తి చూసింది. ఎటువైపని కూడా అడగలేదు. నీడ వైపు టికెట్టు ఒకటి చింపి, కిటికీలోంచి బయటికి తోసింది. తలుపు టక్కున మూసేసింది.

"పోన్లే బాబాయ్," అన్నాడు చక్రి దగ్గరికొచ్చి. "కిటికీ పోతే పోయింది. వచ్చే వారం నీకు ఫోన్లో నేను టికెట్ తీసిపెడతాగా."

"ఫోన్ 'ఎన్నండీ' అని అడుగుతుందంట్రా?" అన్నాడు రత్తయ్య. చేతిలో టికెట్టు అతనికే ఇచ్చేసి మోపెడ్ తీశాడు.

మరుసటి ఆదివారం రత్తయ్య గడ్డం గీసుకోలేదు. ఎక్కడికి పోవాలని? పొద్దున్నే ఇంట్లో హాల్లో కుర్చీ వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. గడియారం కొట్టుకుంటోంది. వంటింటికీ హాలుకీ మధ్య గోడలో చిన్న కిటికీ ఉంది. దాని తలుపు టక్కుమని తెరుచుకుంది.

ఆరేళ్ళ కిందట చుట్టాల ముందు తన పెసరట్టుని వెక్కిరించిన మొగుడితో, ఆ రోజు నుంచీ ఇంట్లో పలుకు మానేసిన సంపూర్ణమ్మ, చేత్తో అట్లకాడ పట్టుకుని ఆ కిటికీలోంచి తొంగిచూసి, "ఎన్నండీ?" అంది.