మామగారి నాలుక

"ఉప్పు లేదు." నోట్లోని మట్టి ఉమ్మేసి తేల్చేశారు మామగారు.

గట్టు మీద నిలబడ్డ కోడలు తల దించుకుంది. ఆ నాలుకకు ఎదురు లేదు. చిటికెడు మట్టి వేసుకుంటే చాలు, అది ఏ చేనుదో, ఎంత చవుడో చెప్పేస్తారని ఊరంతా అంటుంది. అంతటితో ఆగితే అది ఊరెందుకవుతుంది? నిన్న ఆ చేలో మేసిన గేదె ఎవరిదో కూడా చెప్తారంటుంది.

"పోయినేడూ లేదనే చెప్పాను. మరి నాటిన పైరెందుకు మాడింది? నీ యూరియా వల్ల!"

"ఒట్టి యూరియా కాదు కదా మామయ్యా. సగం పశువుల ఎరువు, సగమే యూరియా. కాస్త చవుడున్న నేలకి రెండూ కలిపి వేస్తేనే..."

"చవుడుంటే కదా!"

"ఉందేమో. మట్టి పరీక్షకి పంపుదాం. ఉప్పు తేలితే ముందు మంచినీళ్లు పెట్టి, కడిగి బయటికి వదిలేసి..."

"నా నాలుక కంటే వాళ్ల గాజుగొట్టం గొప్పదా?"

"ఊరుకోవే. నాన్న నాలుక ఎప్పుడు తప్పింది గనక?" అన్నాడు పక్కనే ఉన్న భర్త.

ఈసారి కూడా పంట పోతే పొలాన్ని చేపల చెరువుకి ఇచ్చేయడం తప్ప దారి లేదు. అది ముగ్గురికీ తెలుసు.

"రేపే నాట్లు. కడగడాల్లేవు, యూరియా లేదు, పశువుల ఎరువొక్కటే. నువ్వింక పొలం సంగతెత్తకు అమ్మాయ్. వేళకింత వండిపెట్టు, చాలు."

భర్త కూలీలను పిలవడానికి అటే వెళ్లిపోయాడు. ఆమె ఇంటికొచ్చి పొయ్యి వెలిగించింది. కూర ఉడుకుతోంది. ఆమె కళ్ల ముందు మాత్రం ఎర్రబడి ఒరిగిపోయిన పైరే. నిజంగా తన చేతులతోనే మాడ్చేసిందా? చెయ్యి ఏదో కలుపుతోంది, మనసు అక్కడ లేదు.

పొలం నుంచి వచ్చిన మామగారు ముందు భోజనానికి కూర్చున్నారు. కలుపుకుని ఆవురావురుమని తిన్నారు.

"ఇంకాస్త వెయ్యి. భేషుగ్గా కుదిరింది!"

ఒకప్పుడైతే ఈ మాట ఆ నోట వచ్చేదా? రుచిలో రవ్వంత తేడా వస్తే కంచం గోడకేసి కొట్టే మనిషి. గోడ మీది ఆ సొట్టలు చూపించి, ఇల్లు కట్టింది మేస్త్రీ, చెక్కింది మీ మామగారూ అని నవ్వేది అత్తగారు. పోయినేడు నాట్లకు ముందు మామగారికి విషజ్వరం వచ్చింది. మంచం దిగినప్పటినుంచీ మెత్తబడ్డారు. ఏం వడ్డించినా వంక పెట్టరు. పొలంలో ఎంత కసిరినా తనంటే లోపల అభిమానమేనని ఆమె నమ్మకం. ఈ ఇంట్లో ఆమెకున్న ఊరట అదొక్కటే.

ఆయన తృప్తిగా చెయ్యి కడుక్కుని వెళ్లి నడుం వాల్చారు. ఆమె కళ్లు తుడుచుకుని, కంచం ముందు కూర్చుని, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది.

కూరలో ఉప్పే లేదు.