ప్రదక్షిణ వీడియో

"మమ్మీ, అటు చూడు! వనిత నడుస్తున్నది!" అంది రిషిత.

వేములవాడ గుడి దగ్గర కోడె మొక్కుల వరుస కదులుతోంది. టికెట్టు తీసుకున్నవాళ్లు తలా ఒక కోడెను పట్టుకొని గుడి చుట్టూ తిప్పుతున్నారు. ఆ వరుసలో, ఎప్పుడూ వీల్‌చైర్ దిగని వనిత ఒక కోడె పక్కన నిలబడి అడుగులు వేస్తోంది. పగ్గం ఆమె తండ్రి సారయ్య చేతిలో ఉంది. వెల్గటూర్ సారయ్య బిడ్డ, దివ్యాంగుల పారా కనూ పడవ పోటీల్లో రాష్ట్ర ఛాంపియన్, ఆ వనితే!

రిషితకు ముందు కడుపు మండింది. మరుక్షణమే ఆ కడుపు చల్లబడింది.

కాళ్ల సత్తువను బట్టి క్లాసులు చేసే ఆ పోటీల్లో ఇద్దరిదీ ఒకే క్లాసు. మూడేళ్లు, మూడు పోటీలు. మూడింటిలోనూ వనిత మొదటిది, రిషిత రెండోది. రిషిత తెడ్డు విదేశం నుంచి వచ్చింది. వనితది ఎవరో వాడి వదిలేసిన తెడ్డు. అయినా రెండు వందల మీటర్ల చివర ఆ పాత తెడ్డే ముందుండేది, అదీ అర సెకను తేడాతో. పోయినసారి పేపర్లో వనిత ఫొటో వేశారు. పక్కనే నిలబడ్డ రిషితది అందులో మోచెయ్యి మాత్రం పడింది. ఆ పేపరు ముక్కను చింపి పారెయ్యకుండా, రోజుకొకసారి తీసి చూసుకుని మరీ కుళ్లుకుంటోంది.

"పాపం, మొక్కు చెల్లించుకుంటున్నది గదనే," అంది తల్లి సరోజ.

"పాపమా? కాళ్లల్ల సత్తువ తక్కువని గదా దాన్ని నా క్లాసుల పెట్టిన్రు! గిట్ల నడిచేదైతే పై క్లాసుకు పోవాలె. ఆదివారం సెలెక్షన్స్. ఇండియా క్యాంపుకు మా క్లాసుల ఒక్కరినే తీసుకుంటరు."

వనిత పై క్లాసుకు పోతే ఆ ఒక్కరు ఎవరో వేరే చెప్పక్కర్లేదు. తన ఊతకర్రలు తల్లి ఒళ్లో పడేసి, రిషిత ఫోన్ తీసింది.

నేలంతా తడి. జనం భుజాలు రాసుకుంటూ పోతున్నారు. రెండు చేతులతో ఫోన్ గట్టిగా పట్టుకుని, వనిత పాదాల మీదే గురిపెట్టి, చుట్టు మొత్తం తీసింది రిషిత. మధ్యమధ్య కోడె కాళ్లు కూడా పడ్డాయి. పడనీ, వాటినెవరు చూడొచ్చారు?

తిరిగొచ్చేసరికి సరోజ కొంగుతో చెమట తుడుచుకుంటోంది. "ఎటు పోయినవే? గీ ఎండల నీ కర్రలు పట్టుకొని కూసున్న."

"దొరికింది మమ్మీ, దొరికింది!"

దేవుణ్ని ఏం అడగాలో జగిత్యాలలో బయల్దేరినప్పటి నుంచి అనుకుంటూ వచ్చింది. ఇక అడగాల్సిన పనే లేకపోయింది.

తిరుగు ప్రయాణంలో, కారులోనే ఫిర్యాదు రాసింది. పేరు లేని ఫిర్యాదు తీసుకోరు కాబట్టి పేరు పెట్టింది. వీడియోను కత్తిరించి అతికించారని ఎవరైనా అంటారేమోనని ఇంకో వాక్యం కూడా చేర్చింది: 'ప్రదక్షిణ మొత్తం వెనకాలే ఉండి, ఎక్కడా ఆపకుండా, స్వయంగా నేనే తీశాను.'

ఆదివారం సిరిసిల్ల దగ్గర మానేరు కట్ట మీద టెంటు వేశారు. లోపల క్లాసులు తేల్చే ముగ్గురు పరీక్షకులు. పెద్దాయన హైదరాబాద్ డాక్టరు. రిషిత రెండు కర్రల మీద బరువు మోపుకుంటూ, మెల్లగా లోపలికి వచ్చింది. వనిత వీల్‌చైర్ వెనక నిలబడ్డ సారయ్య గబుక్కున కుర్చీ జరిపాడు.

"కూసో రిషితమ్మా, నిలబడకు బిడ్డా."

"అక్కా, తెడ్డు మీద నీ కుడిచెయ్యి ఇంకింత లోపలికి పట్టు," అంది వనిత. "అర సెకను అక్కడ్నే పోతున్నది. ఎన్నొద్దుల నుంచో చెప్దామనుకుంటున్న."

రిషితకు ఒళ్లు మండింది. గెలిచింది చాలక జాలి కూడానా? ఇవ్వాళతో ఈ పెద్దరికం వదులుతుంది చూడు, అనుకుంది.

డాక్టర్ లాప్‌టాప్ తిప్పి వీడియో పెట్టాడు. వనిత వైపు చూశాడు.

"ఇది నువ్వేనామ్మా?"

"నేనే సార్. మెడల్ అస్తే నాతోని కోడెను తిప్పిస్తనని మా బాపు మొక్కిండు. వీల్‌చైర్ల కూసుండి తిప్పుదామంటే కోడె చక్రాలను జూసి బెదిరింది. అందుకే మూపురం పట్టుకొని దాని మీదనే వాలిన. నడిచింది కోడె సార్. నన్ను ఈడ్చుకపోయింది."

డాక్టర్ వీడియోను వెనక్కి జరిపాడు. ఆపాడు. పెద్దది చేసి చూశాడు. పక్కవాళ్లకు తెర చూపించాడు.

"కాలివేళ్లు నేలను రాసుకుంటూ పోతున్నాయి. బరువంతా కోడె మీదే ఉంది. ఈ అమ్మాయి క్లాసు మార్చాల్సిన పనిలేదు."

సారయ్య రెండు చేతులూ జోడించాడు. చేతికొచ్చిన క్యాంపు చేజారిపోతుంటే రిషిత ఆగలేకపోయింది.

"అదెట్ల సార్! ఆరు నిమిషాలు తిరిగింది. ఒక్క దగ్గర ఆగలే. నేను ఎనకనే ఉన్న గద, కండ్లార చూసిన!"

"అవును, ఫిర్యాదులో కూడా రాశారు." డాక్టర్ కాగితాన్ని చూశాడు. తర్వాత కుర్చీకి ఆనించి ఉన్న రెండు కర్రలను చూశాడు. ఆయన కొత్త ఫారం ఒకటి తీసి, దాని మీద రిషిత పేరు రాసుకున్నాడు.

"ఆ అమ్మాయి కోడె మీద వాలి నడిచింది. మరి రెండు చేతులతో ఫోన్ పట్టుకుని, ఆరు నిమిషాలు, మీరు దేని మీద వాలి నడిచారమ్మా?"