మెనూలో రెండో పేరు

పెళ్ళయిన ఇరవయ్యో రోజున భర్త ఆమెకో కానుక ఇచ్చాడు. ఆమె ల్యాప్‌టాప్‌లో విండోస్ పక్కనే లినక్స్ అనే ఇంకో సిస్టమ్ ఎక్కించాడు.

"నీ విండోస్ నత్తలా పాకుతోంది. అది అలాగే ఉంటుంది. పక్కన ఇది పరిగెడుతుంది. ఆన్ చేయగానే రెండు పేర్లొస్తాయి, నీకేది కావాలంటే అది," అన్నాడు గొప్పగా.

ఆన్ చేస్తే ఒక్క పేరే వచ్చింది. లినక్స్.

"విండోస్ ఏదండీ?"

"వస్తుంది, ఉండు."

నాలుగుసార్లు ఆపి ఆన్ చేసినా రాలేదు.

ఆమె థీసిస్ విండోస్‌లోనే ఉంది. ఐదింటిలోగా పంపాలి. మూడున్నరయింది.

"ఇంకో కాపీ దాచుకోలేదా?"

"మొగుడు కానుకిస్తాడని కలగన్నానా?"

అంత కంగారులోనూ ఇద్దరికీ నవ్వొచ్చింది.

అంతలో తలుపు చప్పుడైంది. గుమ్మంలో ఎవరో పెద్దాయన.

"ఇదివరకు ఇక్కడ అద్దెకుండేవాణ్ణమ్మా. మడత మంచం ఒకటి వదిలేశాను."

"ఆ గదిలో ఉంది, తీసుకెళ్ళండి," అన్నాడు భర్త తలెత్తకుండానే. మళ్ళీ భార్యతో, "లాభం లేదు, లినక్స్ తుడిచేసి మళ్ళీ ఎక్కించాల్సిందే. పక్కనే అంత పెద్ద విండోస్ ఉంటే కనబడదట! పక్కనున్నవాటిని వెతికే ఈ ప్రోగ్రాం ఏ మహానుభావుడు రాశాడో!"

మంచం మోసుకొస్తున్న పెద్దాయన ఆగాడు.

"తుడవకు బాబూ. విండోస్ ఎక్కడికీ పోలేదు. ఆ ప్రోగ్రాంకి కళ్ళున్నాయి. పక్కకి చూడొద్దని చెప్పి కూర్చోబెట్టారు, అంతే."

"మీకెందుకండీ ఇవన్నీ..."

"చెప్పనివ్వండి," అంది ఆమె.

పెద్దాయన మంచం గోడకి ఆనించి, నిలబడే చెప్పాడు. సెట్టింగుల ఫైల్లో ఒక లైను. దాని ముందున్న గుర్తు తీసేయాలి. మెనూ మళ్ళీ తయారుచేయమనాలి.

ఈసారి రెండు పేర్లూ వచ్చాయి.

ఆమె ఆనందం పట్టలేక భర్త చెయ్యి గిల్లింది. థీసిస్ పంపేసి, "వెళ్ళిపోయింది!" అని అరిచి తలెత్తేసరికి పెద్దాయన లేడు.

"అయ్యో, మంచినీళ్ళయినా ఇవ్వలేదు."

"ఏదో గాలివాటంగా తగిలిందిలే," అన్నాడు భర్త.

కాసేపటికి ఇల్లుగలావిడ వచ్చింది.

"వచ్చి వెళ్ళాడా? ఈపాటికి రైలెక్కేసుంటాడు. ఇక ఇటువైపు రాడట."

"ఆయనేం చేసేవారండీ?" అంది ఆమె.

"నాకేం తెలుసమ్మా కంప్యూటర్ల సంగతి! ఒక సిస్టమ్ ఎక్కించేటప్పుడు పక్కనున్న ఇంకోదాన్ని గుర్తుపట్టే ప్రోగ్రామట, ఎనిమిదేళ్ళు ఈ కిటికీ దగ్గరే కూర్చుని రాశాడు."